పెయింటు మీద తమలపాకు

కబురు వచ్చినప్పుడు ల్యాబులో ఉన్నవి: నేను, ల్యాబు అసిస్టెంటు సెల్వి అక్క, ఎండ దీపాల క్యాబినెట్టు, అందులో పెయింటు వేసిన పన్నెండు ఇనుప పలకలు, బల్ల మీద నాలుగు హార్డెనరు డబ్బాలు, గోడకు ఒక తేమ మీటరు. మీటరు డెబ్బై ఎనిమిది చూపిస్తోంది. టైము పదకొండుంబావు. వ్యాను డ్రైవరు తలుపు దగ్గరే నిలబడి, తిరుత్తణిలో పెరియవర్ తెల్లవారుజామున పోయారని చెప్పాడు. సెల్వి అక్క చేతిలోని బీకరు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి ఆయన వయసెంతని అడిగాను. ఎవరికీ తెలియదు.

నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నేను పోయినప్పుడు ఈ అక్క ఇలా కొంగు అడ్డం పెట్టుకుంటుందా అన్న లెక్క. ఆయన విషయంలో నా బుద్ధి మొదటి రోజు నుంచీ ఇంతే. దాచుకుని రాస్తే ఆయన బొమ్మ సరిగ్గా రాదు.

మాది తిరువళ్లూరు బయట ఉన్న చిన్న పెయింటు ఫ్యాక్టరీ. ఎండకూ వానకూ నిలబడే ఇనుముకు ఎపాక్సీ పూతలు చేస్తాం. ఎపాక్సీ రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో రెజిను, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనరు. హార్డెనర్లు అమీన్లనే జాతి రసాయనాలు. పాతరకం వాటికి చేపల కంపు ఉంటుంది, వాటితో వేసిన పూత ఎండకు పసుపెక్కుతుంది, తేమ గాలిలో పైన జిగటగా చెమట పట్టి తెల్లబడుతుంది. సైక్లోఅలిఫాటిక్ అమీన్లు అంతకంటే మేలు. వాటి అణువులో కార్బన్లు ఉంగరంలా చుట్టుకుని ఉంటాయి. రంగు అంత తొందరగా మారదు, వానకూ ఎండకూ ఎక్కువ కాలం ఆగుతుంది. కానీ చెమట పట్టే జబ్బు వాటినీ పూర్తిగా వదలదు. ఆ జబ్బు లేని హార్డెనరు చేయడం నా పని. దీని కోసం నేను నాలుగేళ్లు కాలేజీలో చదివాను. ఆయన ఐదో తరగతి దగ్గర ఆపేశాడు.

ఆయన పెయింటు మేస్త్రీ. మేము ఏ కొత్త సరుకు చేసినా ఆయన తన మనుషులతో ఎక్కడో ఒక ఇనుము మీద వేసి చూసిన తర్వాతే బయటికి వెళ్లేది. తమిళం వాళ్లు పెరియవర్ అనేవాళ్లు, ఆయన ముఠాలోని ఆర్.కె.పేట తెలుగువాళ్లు పెద్దాయన అనేవాళ్లు. రెండూ ఒకటే. అసలు పేరు గేటు దగ్గరి హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

మనిషి పొట్టి. చొక్కాకు రెండు జేబులు. కుడి జేబులో కళ్లద్దాలు. ఎడమ జేబులో తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు. ఆయన ఆకు వేసుకునే మనిషి కాదు. ఆ ఆకులు పెయింటుకు. చేతికంటిన ఎపాక్సీని మేమంతా థిన్నరుతో తుడుచుకుంటే, ఆయన వేరుశెనగ నూనె రాసి, శెనగపిండితో రుద్ది, కుళాయి కింద పెట్టేవాడు. చేతులు కడగడానికి అంతసేపు తీసుకునే మనిషిని నేను చూడలేదు. పలకను చూసే ముందు కూడా కడిగేవాడు, చూశాక కూడా.

రసాయనాల పేర్లు పలికేవాడు కాదు. పాత హార్డెనర్లు చేప మందు. నావి ఉంగరం మందు. నాకు ముందు పనిచేసిన కెమిస్టు ఎప్పుడో సుద్దతో నేల మీద ఆ అణువు బొమ్మ గీసి చూపించాడట, అప్పటి నుంచి ఆ పేరు. ఎపాక్సీ ఎండకు పొడిగా రాలడాన్ని విబూది పూసుకోవడం అనేవాడు. మురుగన్ కొండ ఉన్న ఊరి మనిషి కాబట్టి ఆ మాట ఆయన నోట్లో సహజంగానే ఉండేది. తేమకు చెమట పట్టడాన్ని ఏడవడం అనేవాడు. ఈ రెండు మాటలు ఫ్యాక్టరీ అంతా పాకాయి. నేను తయారు చేసిన రిపోర్టు ఫారంలో ఆ రెండింటికీ సరైన ఇంగ్లీషు పదాలు ఉన్నాయి. ఫారం నింపేవాళ్లు నా పదాల పక్కన తమిళంలో ‘అళుదు’ అనే రాసేవాళ్లు. ఏడుస్తోంది అని.

హార్డెనరూ రెజినూ కలిపాక బకెట్టుకు మూత పెట్టి, ముఠాను తీసుకుని టీకి వెళ్లేవాడు. తిరిగొచ్చాకే బ్రష్షు ముంచాలి. అలా కాసేపు ఆగితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, చెమట తగ్గుతుంది. పుస్తకాల్లోనూ ఇది ఉంది, ఇరవై నిమిషాలని. ఆయనకు ఇరవై నిమిషాలు తెలియదు, ఒక టీ తెలుసు. చేరిన కొత్తలో నేను ఫోన్లో టైము పెట్టుకుని ఆయన టీని కొలిచాను. ఆరు సార్లు కొలిస్తే పంతొమ్మిదికి తగ్గలేదు, ఇరవై రెండు దాటలేదు. ఇరవై ఐదో, పదిహేనో వచ్చి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆయన్ని చూసి నాకు అసూయ కలిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. తిరుత్తణి నుంచి వచ్చే పొద్దుటి రైల్లో ఆయనకు కిటికీ సీటు ఎవరో ఒకరు పట్టి ఉంచేవాళ్లు. తిరువాలంగాడులో ఎక్కేవాళ్లు కూడా ఆయన్ని లేపేవాళ్లు కాదు. ప్యాకింగు ఆడవాళ్లు తమ అన్నం డబ్బాలోంచి ముందు ఆయనకు తీసి పెట్టాకే తాము తినేవాళ్లు. మా అమ్మ ఊత్తుకోట నుంచి ఒకసారి నన్ను చూడటానికి ఫ్యాక్టరీకి వచ్చి, పది నిమిషాలు ఆయనతో మాట్లాడి, ఇంటికెళ్లాక నా ఉద్యోగం గురించి అడగకుండా ఆయన మోకాళ్ల నొప్పి గురించి అడిగింది. వీటన్నిటికంటే పైన ఉన్నది మా మొదలాళి మాట, అంటే ఫ్యాక్టరీ యజమాని మాట. నేను ఏ కొత్త ఫార్ములా తీసుకెళ్లినా, నా గ్రాఫులు పక్కకు జరిపి ఒకే మాట అడిగేవాడు, “పెరియవర్ పాత్తారా?” అంటే పెద్దాయన చూశాడా అని.

నేను ఎనిమిది నెలలు కూర్చుని చేసిన హార్డెనరుకు కూడా అదే ప్రశ్న ఎదురైంది. నీళ్లలాంటి రంగు, కంపు దాదాపు లేదు. ఎండ దీపాల కింద వెయ్యి గంటలు పెడితే పసుపు కంటికి కనపడలేదు. పలకను ఆయన చేతికిచ్చాను. ఆయన చేతులు కడిగి వచ్చి, ఎండలో వంచి చూసి, వాసన చూసి, బొటనవేలు తడిచేసి ఒక మూల రుద్దాడు.

“బాగుండాది సార్. ఎండకి ఇది విబూది పూసుకోను శానా దినాలు పడతాది. అయితే సాయంత్రం పూసినారంటే ఏడుస్తాది.”

ఎట్లా చెప్తారని అడిగాను.

“నేను చెప్పేది కాదు సార్. ఆకు చెప్తాది.”

ఆకు పద్ధతి ఇది. పూత వేసి, వేలికి అంటనంత వరకు ఆరనివ్వాలి. తమలపాకును నీళ్లలో ముంచి, ఈనెలు లేచి ఉండే వెనక వైపు పూతకు తగిలేలా అద్ది, మర్నాటి పొద్దున వరకు వదిలేయాలి. పొద్దున ఆకు తీస్తే కింద ఏమీ లేకపోతే పూత మంచిది. తెల్లగా ఈనెల ముద్ర పడితే ఆ పూత తేమకు లొంగిందని అర్థం. నా పలక మీద పొద్దున వేసిన పూతకు ముద్ర పడలేదు. సాయంత్రం వేసినదానికి పడింది. ఆకు తొడిమ దగ్గర నుంచి కొస వరకు, చిన్న ఈనెలతో సహా, ఎవరో కూర్చుని సన్నటి బ్రష్షుతో గీసినట్టు.

మొదలాళి ఆ ముద్రను ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. నా వెయ్యి గంటల గ్రాఫును ఆయన ఎప్పుడూ ఫోటో తీసుకోలేదు.

ఇప్పుడు తిరుత్తణి సంగతి. ఒక కల్యాణమంటపం వెనక మేడ మీదికి ఇనుప మెట్లున్నాయి. వాటికి నా హార్డెనరుతో పూత వేసి చూడాలని నిర్ణయమైంది. కార్తీక మాసం, ఈశాన్య వానల మధ్య రెండు రోజుల తెరిపి. మొదటి రోజు ఆయన వేళ మార్చి వేళ మార్చి నాలుగు మెట్లకు పూత వేయించి, ఆకులు అద్దించి, మర్నాడు పొద్దున చూసి, మధ్యాహ్నం రెండు దాటాక బ్రష్షు ముట్టకూడదన్నాడు.

ఆ మధ్యాహ్నం మూడింటికి నా దగ్గర, గాలిలోని తేమ ఏ వేడి దగ్గర మంచులా ఇనుముకు పడుతుందో కొలిచే మీటరు ఉంది. ఇనుము వేడి దానికంటే మూడు డిగ్రీలు పైన ఉంటే పూత వేయొచ్చని నియమం. మీటరు ఆ తేడా నాలుగున్నర చూపించింది. ఆకాశంలో మబ్బు లేదు. వేయండి అన్నాను. ముఠాలో ఆరుగురు. ఆరుగురూ నన్ను కాదు, ఆయన ముఖం చూశారు. వాళ్లలో ఒకడు మీటరు వైపు చూసి, “సారు దాన్ని పట్టుకుంటే చెయ్యి చూసి జోస్యం చెప్పే మాదిరే ఉండారు మామా” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మీటరు తప్పు కాదనీ, అది ఇప్పటి సంగతి చెబుతుందనీ, ఈ మెట్లు పడమటి గోడ చాటున ఉన్నాయి కాబట్టి పొద్దు వాలగానే ఇనుము ఒక్కసారిగా చల్లబడుతుందనీ వాళ్లకే చెప్పాడు, నాకు కాదు. తర్వాత బ్రష్షులు కడగమన్నాడు.

వాళ్లు టీకి వెళ్లారు. నేను వెళ్లలేదు. ఒక చిన్న డబ్బాలో కలిపి, ఆగకుండా, పైనుంచి మూడో మెట్టుకు నా చేత్తో పూత వేశాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున అది అద్దంలా మెరుస్తుంటే అప్పుడు చెబుదామని.

రాత్రి లాడ్జీలో పడుకుని, పొద్దున అందరికంటే ముందు వెళ్లాను. ఆయన నాకంటే ముందు ఉన్నాడు. మూడో మెట్టు ముందు గొంతుక్కూర్చుని, టీ అంగడి నుంచి తెచ్చిన వేడినీళ్ల చెంబు పక్కన పెట్టుకుని, గుడ్డతో తుడుస్తున్నాడు. మెట్టు మెరుపు చచ్చి, పాలు ఒలికి ఎండినట్టు ఉంది. ఒక మూల ఆకు ముద్ర. అంటే సాయంత్రమే ఆయన చూశాడు, చూసి ఆకు అద్దాడు.

“యాల సార్ ఇంత పొద్దున్నే వచ్చినారు?” అన్నాడు.

నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

“వేన్నీళ్లకి పోతాది. పోయినాక ఉప్పుకాగితం కొట్టి ఇంగొక కోటు వేస్తే తెలీదు. పిల్లోళ్లు ఎనిమిదికి గదా వచ్చేది. వాళ్లకి యాల తెలియాల?”

గుడ్డ ఇంకొకటి ఉంది. నాకు ఇచ్చాడు. ఇద్దరం తుడిచాం. ఎనిమిదికి ముఠా వచ్చేసరికి మూడో మెట్టు మిగతా మెట్లలాగే ఉంది. ఆయన ఆ సంగతి ఎవరితోనూ అన్నట్టు నాకెప్పుడూ వినపడలేదు.

అప్పటిదాకా నాకు ఆయన చేతి మీదే అసూయ. ఆ రోజు నుంచి ఆయన మంచితనం మీద కూడా పట్టుకుంది. చేతి పనిలోనైతే నాలుగేళ్లు కష్టపడి పోటీ పడొచ్చు. ఆ పొద్దున నేను ఆయన స్థానంలో ఉంటే ఎనిమిది దాకా ఆగి, ముఠా వచ్చాక ఆకు తీసేవాణ్ని. ఇది నాకు ఖాయంగా తెలుసు.

తిరువళ్లూరు వచ్చాక ఆకు తప్పని రుజువు చేయాలని కూర్చున్నాను. ముప్పై పలకలు. మూడు రకాల తేమ. ప్రతి పలక మీదా ఒక మూల ఆకు, ఇంకో మూల తడి లిట్మసు లాంటి రంగు కాగితం. చెమట పట్టిన అమీను ఆ కాగితం రంగు మారుస్తుంది, అది పుస్తకం ఒప్పుకున్న పరీక్ష. ఆకులు ఒకే సైజుకు కత్తిరించింది సెల్వి అక్క. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమెతో అన్నాను. ముప్పైలో ఇరవై ఎనిమిదిసార్లు ఆకూ కాగితమూ ఒకే మాట చెప్పాయి. తేడా వచ్చిన రెండింటినీ మళ్లీ చేశాను. కాగితానిదే పొరపాటు. ఆ లెక్కల షీట్లు మడిచి నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఆ తర్వాతి ఎండాకాలంలో ఆయనకు మోకాళ్లు బాగా పట్టేశాయి. ఇక నిచ్చెన ఎక్కలేనని పని మానుకున్నాడు. ఆఖరి వారం ఒక మధ్యాహ్నం ల్యాబుకు వచ్చి, స్టూలు మీద కూర్చోమంటే కూర్చోకుండా బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ సార్ అనే మనిషి ఆ రోజు నాయనా అన్నాడు.

“ఆకు సంగతి మీ పుస్తకంలో ఎక్కించండి నాయనా. మూలలో ఒకచోట నా పేరు రాసినా చాలు. మనవరాలు కాలేజీలో కెమిస్ట్రీ చదవతా ఉండాది. దానికి చూపించుకుంటాను.”

పుస్తకం అంటే మా పరీక్షల పుస్తకం. ఏ సరుకును ఎలా పరీక్షించాలో ఒక్కో పేజీలో ఒక్కో పద్ధతి ఉంటుంది. ప్రతి పేజీ నేను రాసి, నేను టైపు చేసి, సంతకం పెట్టినదే. రైల్లో కిటికీ సీటు ఆయనది, ప్యాకింగు ఆడవాళ్ల ప్రేమ ఆయనది, మొదలాళి నమ్మకం ఆయనది, మా అమ్మ విచారం కూడా కొంత ఆయనది. ఆ ఫ్యాక్టరీలో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ పుస్తకం ఒక్కటే.

“పుస్తకంలో ఎక్కాలంటే డేటా కావాల పెద్దాయనా” అన్నాను. “ఎన్నిసార్లు వేసినారు, ఎన్నిసార్లు సరిపోయింది, అన్నీ రాసుండాల.”

ఆయన నన్ను చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

“అది నేను రాసుకోలేదే. మీకు వీలైనప్పుడు మీరే రాయండి” అన్నాడు. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఏ పెయింటూ ముట్టకపోయినా, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. తాళం వేసిన సొరుగు అప్పుడు నా మోకాలికి తగులుతూ ఉంది. సెల్వి అక్క వెనక పలకలు తుడుస్తూ ఉంది.

అది వైకాశి, మన వైశాఖం. నాకు వీలు కాలేదు. ఆడి మాసం వచ్చింది, దీపావళి వచ్చింది, వీలు కాలేదు. నిజానికి ఒక పేజీ రాయడానికి నాకు పట్టేది రెండు గంటలు.

కర్మ రోజు ఫ్యాక్టరీ వ్యానులో తిరుత్తణి వెళ్లాం. రైల్వే గేటు అవతల రెండు గదుల మిద్దె. మొదలాళి దండ వేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముఠా ఆరుగురూ ముందు రోజు నుంచే ఉన్నారట, పందిరి వాళ్లే కట్టారు. ఎవరెవరో వచ్చి మొదలాళితో ఆయన గురించి ఒక్కొక్క ముక్క చెప్పి వెళుతున్నారు. ఏ గేటుకు ఏ ఏడు పూత వేశాడో, ఎవరి బిడ్డకు పని నేర్పాడో. నేను వరండా అంచున నిలబడి వింటున్నాను. నా గురించి ఇలా చెప్పేవాళ్లు ఎందరుంటారని అప్పుడు కూడా మనసులో ఒక లెక్క నడుస్తూనే ఉంది.

కాఫీ గ్లాసులు తెచ్చిన అమ్మాయి నా దగ్గర ఆగింది. ఆయన ముక్కే ఆమెకూ వచ్చింది.

“మీరే గదా సార్ ల్యాబు సారు?”

అవునన్నాను.

“తాత చెప్పినాడు. ముప్పై ఆకులు ఏసి లెక్క తీసినారంట గదా మీరు. ఆకు సంగతి పుస్తకంలో ఎక్కించినారంట, తాత పేరుతో.”

ముప్పై అన్న సంఖ్య ఆయనకు నేను చెప్పలేదు. పందిరి కింద ఆడవాళ్ల మధ్య కూర్చున్న సెల్వి అక్క వైపు చూశాను. ఆమె కాఫీ గ్లాసులోకి చూస్తోంది. పని మానేశాక ఆయన మళ్లీ ఫ్యాక్టరీకి రాలేదు, అంటే బల్లకు ఆనుకుని నిలబడి అడిగిన రోజుకే ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడు. డేటా కావాలని నేనన్నప్పుడు తెలిసే నన్ను చూశాడు.

“తాత ఎప్పుడు చెప్పినాడమ్మా?” అన్నాను.

“దీపావళికి నేను హాస్టలు నుంచి వచ్చినప్పుడు. ఆ సారు శానా కచ్చితం, లెక్క లేకుండా ఏదీ రాయడు, నాది మాత్రం రాసినాడు అని అందరికీ చెప్పినాడు.” గ్లాసుల పళ్లెం చంకకు మార్చుకుని ఫోను తీసింది. “ఏ పేజీ సార్? నేను ఒకరోజు వచ్చి ఫోటో తీసుకుంటాను.”

“నలభై మూడు” అన్నాను.

ఆమె ఫోన్లో రాసుకుంది.

పుస్తకంలో ఉన్నవి నలభై రెండు పేజీలు.